బిస్మత్ టెల్యురైడా, మెగ్నీషియం యాంటిమొనైడా?

వేడిని నేరుగా కరెంటుగా మార్చే పదార్థాల మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లకు తొలి టెన్షన్ ఇదే.

పాతదనం: బిస్మత్ టెల్యురైడ్‌లోకి కరెంటు పంపి చల్లబరచవచ్చని 1954లోనే చూపించారు. మెగ్నీషియం యాంటిమొనైడ్‌ను ఎన్-టైప్‌గా (అంటే కరెంటును ఎలక్ట్రాన్లు మోసే రకంగా) మారిస్తే ఎంత బాగా పనిచేస్తుందో 2016లో గాని తెలియలేదు.

ఖర్చు: టెల్యూరియం చాలా అరుదు, ఎక్కువగా రాగి శుద్ధిలోనే దొరుకుతుంది. మెగ్నీషియం సముద్రపు నీళ్లలో కూడా ఉంది.

పనితనం: గది వేడి దగ్గర బిస్మత్ టెల్యురైడ్ జెడ్‌టీ విలువ (వేడిని కరెంటుగా మార్చే సత్తాకు కొలత, ఎంత ఎక్కువైతే అంత మేలు) సుమారు 1. రెండోదానికి 440 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1.5 వరకు వచ్చింది.

శ్రమ: అసలు కష్టం ఇక్కడుంది. వేడి చేస్తుంటే మెగ్నీషియం ఆవిరైపోతుంది. స్ఫటికంలో మిగిలే ఆ ఖాళీలు ఎలక్ట్రాన్లను లాగేసుకుంటాయి, ఎన్-టైప్ కావాల్సిన నమూనా పి-టైప్ (ఎలక్ట్రాన్ల లోటుతో కరెంటు నడిచే రకం) వైపు జారుతుంది. అందుకే లెక్కకు మించి కొంచెం మెగ్నీషియం కలుపుతారు. ఆ 'కొంచెం' ఎంతో తేల్చుకోవడానికే నెలలు పడతాయి. నాకైతే ఈ రంగంలో అందమైన చిక్కు అదే. బిస్మత్ టెల్యురైడ్ పొరలుపొరలుగా విరుగుతుంది, అయినా దారి తెలిసినదే.

రిస్క్: మెగ్నీషియం పొడి అంటుకుంటుంది, గాలి తగలకుండా పనిచేయనిచ్చే మూసిన పెట్టె, అంటే గ్లవ్ బాక్స్, తప్పనిసరి. టెల్యూరియం విషం, కాస్త ఒంట్లోకి వెళ్లినా ఊపిరి రోజుల తరబడి వెల్లుల్లి వాసన కొడుతుంది.

చల్లబరిచే మాడ్యూల్ త్వరగా చేయాలంటే, గ్లవ్ బాక్స్ లేకుంటే బిస్మత్ టెల్యురైడ్. ఫ్యాక్టరీ గొట్టాల వేడి నుంచి కరెంటు తీయాలంటే, చేతిలో నాలుగేళ్లు ఉంటే మెగ్నీషియం. మాడ్యూల్‌కు ఎన్-టైప్, పి-టైప్ రెండు కాళ్లూ కావాలి; పి-టైప్ కాలు మాత్రం ఇప్పటికీ చాలామంది బిస్మత్ టెల్యురైడ్ కుటుంబం నుంచే తెచ్చుకుంటున్నారు.