నవ్వుతూ ఆరా తీసే నలుగురు: ‘నో సచ్ థింగ్ యాజ్ ఎ ఫిష్’ పాడ్‌కాస్ట్ సమీక్ష

లండన్‌లో తయారయ్యే ‘నో సచ్ థింగ్ యాజ్ ఎ ఫిష్’ అనే పాడ్‌కాస్ట్ 2014 మార్చిలో మొదలై, వారానికొక ఎపిసోడ్ చొప్పున ఇప్పటికీ కొనసాగుతోంది. విజ్ఞానశాస్త్రంలోనూ చరిత్రలోనూ మనం ఊహించని సంగతులను నలుగురు మిత్రులు సరదాగా మాట్లాడుకుంటూ చెప్పడమే దీని స్వరూపం. వింత విషయాలు చెప్పే కార్యక్రమాలకు ఇప్పుడు ఏ భాషలోనూ కొదవ లేదు గాని, వాటిలో చాలావరకు వింతను చెప్పి, వినేవాళ్లను ఆశ్చర్యపరచి, అక్కడితో ఆగిపోతాయి. ఈ పాడ్‌కాస్ట్‌లో మాత్రం వింతను చెప్పిన తర్వాతే అసలు పని మొదలవుతుంది. ఇంగ్లీషు అర్థం చేసుకోగల తెలుగు శ్రోతలకు దీన్ని నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేయడానికి ముఖ్యకారణం అదే.

దీనికి మూలం బీబీసీలో 2003 నుంచి ప్రసారమవుతున్న ‘క్యూఐ’ అనే టెలివిజన్ క్విజ్. జాన్ లాయిడ్ రూపొందించిన ఆ కార్యక్రమంలో ఒక్కో సిరీస్‌ను ఇంగ్లీషు వర్ణమాలలోని ఒక్కో అక్షరం చుట్టూ నడుపుతారు. అందరూ నిజమని నమ్మే తప్పు జవాబును చెప్పినవారికి పెద్దగా హారన్ మోగించి మార్కులు కోస్తారు, అందరికీ తట్టని ఆసక్తికరమైన జవాబు చెప్పినవారికి మార్కులు కలుపుతారు. ఆ ప్రశ్నల కోసం పుస్తకాలూ పత్రికలూ తిరగేసి సమాచారం సేకరించే పరిశోధకులను అక్కడ ‘ఎల్వ్స్’ అని పిలుస్తారు. డాన్ ష్రైబర్, జేమ్స్ హార్కిన్, ఆండ్రూ హంటర్ మరే, అన్నా టాషిన్‌స్కీ అనే నలుగురు ఎల్వ్స్ కలిసి మొదలుపెట్టినదే ఈ పాడ్‌కాస్ట్.

ఎపిసోడ్ నడిచే పద్ధతి చాలా సాదా. గత ఏడు రోజుల్లో తాము తెలుసుకున్నవాటిలో తమకు అన్నిటికన్నా నచ్చిన సంగతిని నలుగురూ ఒక్కొక్కటిగా, ఒక్కొక్క వాక్యంలో చెబుతారు. ఒకరు ఆ వాక్యం చెప్పగానే మిగిలిన ముగ్గురూ అందుకుంటారు. ఎవరు ఏ సంగతి చెప్పబోతున్నారో ముందే తెలిసి ఉండడం వల్ల వాళ్లు కూడా ఆ విషయం మీద చదువుకునే వస్తారు. అందుచేత ఒకరు చెబుతుంటే మిగిలినవాళ్లు ‘అలాగా’ అంటూ తలూపడం ఇక్కడ కనిపించదు. అది ఎందుకలా జరిగింది, ఆ మనిషి తర్వాత ఏమయ్యాడు, ఆ కొలత ఎలా తీశారు అన్న ప్రశ్నలు వస్తాయి, వాటికి జవాబులు మరొకరి దగ్గర దొరుకుతాయి. పావుగంట తిరిగేసరికి మొదటి వాక్యంతో ఏ సంబంధమూ లేదనిపించే చోటికి మాట చేరుకుంటుంది, అయినా దారి తప్పినట్టు ఉండదు.

ఈ పద్ధతి ఎంత దూరం తీసుకువెళ్తుందో చూడడానికి పాడ్‌కాస్ట్ పేరే మంచి ఉదాహరణ. చేప అనేదే లేదన్న ఆ మాట మొదట వినగానే ఉత్త చమత్కారంలా తోస్తుంది. కాని జీవశాస్త్రంలో జీవులను వర్గీకరించేటప్పుడు ఒక ఉమ్మడి పూర్వజీవినీ దాని సంతతి మొత్తాన్నీ ఒకే వర్గంగా తీసుకోవాలన్నది నేటి నియమం. నీటిలో ఉండి, వెన్నెముక కలిగి, మొప్పలతో ఊపిరి తీసే జీవులన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పూర్వజీవిని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే, ఆ పూర్వజీవి సంతతిలో కప్పలూ బల్లులూ పక్షులూ ఒంటెలూ మనుషులూ కూడా చేరిపోతారు. ఊపిరితిత్తులతో గాలి పీల్చగలిగే లంగ్‌ఫిష్ అనే జీవికి సాల్మన్ చేపకన్నా మనమే దగ్గరి బంధువులం. డైనోసార్లతోపాటే అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు భావించగా 1938లో దక్షిణాఫ్రికా తీరంలో జాలర్ల వలకు చిక్కిన సీలకాంత్ విషయమూ అంతే. కాబట్టి చేపలన్నిటినీ కలిపి ఒక వర్గం చేయాలంటే మనల్ని కూడా చేపల్లో కలుపుకోవాలి, మనల్ని మినహాయిస్తే అది వంశాన్ని బట్టి చేసిన వర్గం కాదు, చూపుకు ఒకేలా కనిపించేవాటిని పోగుచేసిన గుంపు అవుతుంది. ఒక్క చిన్న వింత వాక్యం మనిషిని పరిణామవాదం నడిబొడ్డున నిలబెడుతుంది. తరగతి గదిలో ఇదే పాఠాన్ని వర్గీకరణ పట్టికతో మొదలుపెడితే ఎంతమంది చివరిదాకా వింటారో నాకు సందేహమే.

అయితే ఇదే వాక్యానికి ఒక అనుబంధ కథ కూడా ప్రచారంలో ఉంది. స్టీఫెన్ జే గూల్డ్ అనే సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు జీవితమంతా చేపలనే అధ్యయనం చేసి, చివరికి చేప అనేదే లేదని తేల్చాడన్నది ఆ కథ. గూల్డ్ ఏళ్ల తరబడి ప్రత్యేకంగా పరిశోధించినది చేపలను కాదు, బహామా దీవుల్లోని నేలనత్తలను. వర్గీకరణ గురించిన శాస్త్రవిషయం సరైనదే, దానికి చుట్టిన కథ సరైనది కాదు. ఆశ్చర్యం కలిగించే సంగతులతో వచ్చే చిక్కు సరిగ్గా ఇదే: నిజమైన విషయానికి ఒక అందమైన కథ అతుక్కుంటుంది, ఆ కథ వల్లనే విషయం జనంలోకి వెళ్తుంది, కొన్నాళ్లకు రెండిటినీ విడదీయడం కష్టమవుతుంది. ఈ నలుగురి గొప్పతనం ఏమిటంటే, అలాంటి కథ ఎదురైనప్పుడు దాన్ని విప్పి చూడడాన్ని కూడా వినోదంలో భాగం చేసుకోగలరు. ఒకరు ఉత్సాహంగా చెప్పినదాన్ని మరొకరు ‘అది అంత నమ్మదగినది కాదేమో’ అని ఆపినప్పుడు, చెప్పినవారు చిన్నబుచ్చుకోరు, సంభాషణ ఇంకా ఉత్సాహంగా సాగుతుంది. వాళ్లు పనిచేసిన క్యూఐ కూడా ఒక సంచికలో, పాత సిరీస్‌లలో తాము తప్పని తేల్చి మార్కులు కోసిన జవాబుల్లో కొన్ని తర్వాతి పరిశోధనల వెలుగులో సరైనవేనని ఒప్పుకొని, ఆ మార్కులను తిరిగి ఇచ్చేసింది. వినోద కార్యక్రమానికి ఇంతటి నిజాయితీ ఉండడం నాకు చాలా గౌరవం కలిగించింది.

నలుగురి స్వభావాలు నాలుగు రకాలుగా ఉండడం ఈ పాడ్‌కాస్ట్‌కు పెద్ద బలం. డాన్ ష్రైబర్‌కు ‘యెతి’ అనే మంచుమనిషి, గ్రహాంతరవాసులు, విడ్డూరమైన సిద్ధాంతాలు పట్టుకున్న మనుషులంటే ఎనలేని ప్రేమ. జేమ్స్ హార్కిన్ లెక్కల మనిషి, అంకె వినపడితే దాన్ని సరిచూడకుండా వదలడు. ఆండ్రూ హంటర్ మరే పత్రికా రచయిత కనుక కథను ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించాలో తెలిసినవాడు. అన్నా టాషిన్‌స్కీ మాటలో పదును ఎక్కువ, డాన్ చెప్పే గాలికబుర్లకు అందరికన్నా ముందు అడ్డుపడేది ఆమే. నమ్మాలని ఆశపడేవాడూ, ఆధారం అడిగేవాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోవడం వల్ల, ఒక సంగతిని ఎలా నమ్మాలి, ఎంతవరకు నమ్మాలి అన్నది శ్రోత ప్రత్యేకంగా ప్రయత్నించకుండానే నేర్చుకుంటాడు. వాళ్లలో ఎవరైనా లేని వారాల్లో అతిథిని పిలుస్తారు, అప్పుడు ఈ సమతూకం కొంత మారుతుంది, అతిథిని బట్టి అది మంచికీ కావచ్చు, చెడుకీ కావచ్చు.

ఈ పాడ్‌కాస్ట్ విన్న తర్వాత మన ఊళ్ల గురించి తిరిగే ఒక్క వాక్యపు వింతలను కూడా అలాగే కదిలించి చూడాలనిపిస్తుంది. ‘హీలియంను మన గుంటూరులోనే కనిపెట్టారు’ అన్న సందేశం వాట్సాప్‌లో తరచూ కనిపిస్తుంది. ఆ వాక్యం దగ్గర ఆగితే ఊరి మీద అభిమానం తప్ప మరేమీ మిగలదు. ముందుకు వెళ్తే మాత్రం కథ ఎంతో అందమైనది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు జూల్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. అదే గ్రహణాన్ని మద్రాసు వేధశాలకు చెందిన నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి పరిశీలించాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని, ఏ మూలకం ఉందో తెలిపే రంగు గీతలుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూసిన జాన్సెన్, ఆ గీతలు ఎంతో ప్రకాశవంతంగా ఉన్నాయనీ, గ్రహణం లేనప్పుడు కూడా వాటిని పట్టుకోవచ్చనీ గ్రహించి, మర్నాడే ఆ పని చేసి చూపించాడు. గుంటూరులో ఆయన సాధించిన అసలు విజయం ఆ పద్ధతి. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా విడిగా అదే పద్ధతిని కనుక్కున్నాడు. ఇద్దరి వార్తా ప్యారిస్‌లోని సైన్స్ అకాడమీకి అక్టోబరులో ఒకే రోజున చేరింది. ఎవరు ముందు అన్న తగవు పడకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ కలిపి ఒకే పతకం మీద ముద్రించింది. జ్వాలల కాంతిలో కనిపించిన ఒక పసుపు గీత సోడియందీ కాదు, అప్పటికి తెలిసిన మరే మూలకానిదీ కాదు, కొత్త మూలకానిదే అయి ఉంటుందన్న ఆలోచన లాకియర్‌ది. భూమి మీద హీలియం దొరికినట్టు విలియం రామ్సే 1895లో నిరూపించేదాకా ఆ ఆలోచనను నమ్మినవాళ్లు తక్కువే.

అక్కడితోనూ కథ ఆగదు. జాన్సెన్ 1870లో మరో గ్రహణం చూడడానికి, ప్రష్యా సేనలు ముట్టడించిన ప్యారిస్ నుంచి బెలూన్ ఎక్కి తప్పించుకుని అల్జీరియా చేరాడు, తీరా గ్రహణం వేళకు ఆకాశం నిండా మబ్బులు కమ్ముకున్నాయి. మరోవైపు అదే రామ్సే, జంషెడ్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థకు తగిన స్థలం చూడడానికి మన దేశానికి వచ్చి బెంగుళూరును సూచించాడు. 1909లో స్థాపించిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అదే. గుంటూరు ఆకాశంలో మొదలైన మాట బెంగుళూరు దాకా నడిచి రావడం ఎంత బాగుంది! ఈ నలుగురి చేతికి ఇలాంటి సంగతి చిక్కితే పావుగంట పండుగే. తెలుగులో సైన్సు పాఠాలు చెప్పే ఛానళ్లున్నాయి, చరిత్ర ఉపన్యాసాలున్నాయి. ఇద్దరు ముగ్గురు బాగా చదువుకుని వచ్చి, ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ, ఒకరి మాటను మరొకరు సరిదిద్దుకుంటూ సాగే ఇలాంటి కార్యక్రమం తెలుగులో నా కంటపడలేదు. అరుగు మీద కూర్చుని ఊరి కబుర్లన్నీ ఆరా తీసే అలవాటు తరతరాలుగా ఉన్న మనకు ఈ ప్రక్రియ పరాయిది కానే కాదు, ఎవరైనా పూనుకుంటే వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

లోపాలను కూడా చెప్పాలి. మొదటిది, వేగం. నలుగురూ ఒకరి మాట మీద మరొకరు పడుతూ బ్రిటిష్ యాసలో మాట్లాడతారు కనుక, ఆ ఉచ్చారణ అలవాటు లేనివారికి తొలి ఎపిసోడ్లలో సగం చమత్కారాలు జారిపోతాయి. బ్రిటన్‌లోని టీవీ తారలు, రాజకీయ నాయకులు, చిన్న చిన్న పట్టణాల మీద విసిరే ఛలోక్తులు మనకు అందవు, వాటిని వదిలేసి ముందుకు వెళ్లడమే మంచిది. రెండవది, చరిత్ర విషయంలో వాళ్ల చూపు సహజంగానే బ్రిటన్ వైపు, యూరప్ వైపు మొగ్గి ఉంటుంది. భారతదేశం ప్రస్తావనకు వచ్చినప్పుడు ఎక్కువసార్లు వలస పాలన నాటి ఆంగ్లేయుల అనుభవాల మీదుగానే వస్తుందని నాకు అనిపించింది. ఇంత కుతూహలం ఉన్న మనుషుల దగ్గర ఆ హద్దు కనిపించడం నన్ను కొంత బాధించింది. మూడవది, శరీరధర్మాల మీద, జంతువుల సంభోగం మీద మొహమాటం లేని హాస్యం తరచుగా దొర్లుతుంది. శీర్షిక చూసి ఇది చిన్నపిల్లల కోసం అనుకునే ప్రమాదం ఉంది, పిల్లలతో కలిసి కారులో పెట్టుకుని వినడానికి ఇది తగదు.

అన్నిటికన్నా ముఖ్యమైన లోపం ఆధారాల విషయం. ఒక సంగతిని ఏ పుస్తకంలో చదివారో, ఏ పరిశోధనాపత్రంలో చూశారో కొన్నిసార్లు చెబుతారు, చాలాసార్లు మాటల ఉరవడిలో చెప్పకుండా దాటిపోతారు. సంభాషణలో అడుగడుగునా ఆధారం పేరు చెబితే రసభంగమవుతుందన్నది నిజమే, కాని ప్రతి ఎపిసోడ్ కింద నాలుగైదు వరుసల్లో వాటిని రాసిపెడితే ఎవరికీ నష్టం లేదు. విద్యార్థులూ ఉపాధ్యాయులూ ఇక్కడ విన్న సంగతిని తరగతిలో చెప్పదలుచుకుంటే విడిగా సరిచూసుకునే చెప్పాలి. గూల్డ్ కథ లాంటివి ఎక్కడైనా ఉండవచ్చు.

ఎపిసోడ్లు పాడ్‌కాస్ట్ యాప్‌లన్నిటిలోనూ ఉచితంగా దొరుకుతాయి, మధ్యలో ప్రకటనలు వస్తాయి. ప్రకటనలు లేకుండా, అదనపు సంచికలతో కలిపి వినాలనుకునేవారి కోసం ‘క్లబ్ ఫిష్’ అనే చందా పథకం ఉంది. ఉచితంగా దొరికే పాత సంచికలే ఏళ్ల తరబడి వినడానికి సరిపడా ఉన్నాయి కనుక మొదట్లోనే చందా కట్టవలసిన అవసరం లేదు. ఎపిసోడ్ల మధ్య వరుస సంబంధం లేదు కాబట్టి ఎక్కడ నుంచైనా మొదలుపెట్టవచ్చు. అయితే నాటకశాలల్లో ప్రేక్షకుల ఎదుట రికార్డు చేసిన సంచికలలో నవ్వుల హోరుకు మాట సరిగా వినపడదు, సంగతుల లోతు కూడా కొంత తగ్గుతుంది. కొత్తగా వినేవారు స్టూడియోలో రికార్డు చేసినవాటితో మొదలుపెట్టి, నలుగురి గొంతులూ విడివిడిగా గుర్తుపట్టగలిగిన తర్వాత వాటి దగ్గరికి వెళ్లడం మేలు.