పాత ఇండికాకి నాజిల్స్ విప్పి సెట్టింగ్ చేయించాక: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

మా ఇంట్లో ఉన్నది 2004 మోడల్ ఇండికా వీ2 డీజిల్. 1405 సీసీ ఇంజన్, టర్బో లేదు, డీజిల్‌ని ప్రెషర్‌తో తోసే రోటరీ పంపు, దాన్ని సిలిండర్లలోకి తుంపరగా చిమ్మే నాలుగు నాజిల్స్. ఈ నాలుగింటినీ విప్పి, పాత హోల్డర్లలోనే (బయటి తొడుగుల్లోనే) లోపలి నాజిల్ మొనలు కొత్తవి వేయించి, ప్రెషర్ సెట్ చేయించి మళ్లీ బిగించాక బండి యాభై వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. పని అయిన మర్నాడు ఎవరైనా బాగుందనే అంటారు. బాగు ఎంతకాలం నిలిచిందో తెలియాలంటే ఇంత తిరగాలి, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఈ బండికి ఇన్నేళ్లలో పెట్టిన ఖర్చుల్లో ఇంత గిట్టుబాటైనది ఇంకొకటి లేదు. అయితే అందరూ ముందుగా అడిగే మైలేజీ మాత్రం పెద్దగా పెరగలేదు.

పని చేయించక ముందు పరిస్థితి ఇది. చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు బాగానే ఉన్నా సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వచ్చేది. స్టార్ట్ అయ్యాక పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ. స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఆడుతున్నప్పుడు, ఒక సిలిండర్ దగ్గర టక టక మని నాకింగ్. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే వెనక వచ్చేవాళ్లకి నల్ల పొగ. ఒక షాపులో చూపిస్తే "పంపు కొంచెం పెంచేద్దాం సార్, పికప్ వచ్చేస్తుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. నాజిల్ సరిగా తుంపర చేయనప్పుడు పంపులో డీజిల్ పెంచితే కాలని డీజిల్ ఇంకా ఎక్కువ పోతుంది, పిస్టన్ తలకి వేడి ఎక్కుతుంది, పొగ చిక్కబడుతుంది. ముందు నాజిల్ చూడాలి, అది సరిగ్గా ఉందని తేలాకే పంపు జోలికి పోవాలి. ఈ వరస తప్పితే రెండింటికీ డబ్బు పోతుంది.

ఏ నాజిల్ తేడాగా ఉందో ఇంటి దగ్గరే పట్టుకోవచ్చు. ఇంజన్ స్లోలో ఉండగా ఒక్కో ప్రెషర్ పైపు నట్టు 17 పానాతో కాస్త లూజు చేసి చూడాలి. మంచి నాజిల్ అయితే ఇంజన్ వెంటనే కుంటుతుంది. లూజు చేసినా తేడా రాకపోతేనో, నాకింగ్ అప్పటికప్పుడు ఆగిపోతేనో దోషి అదే. మాకు మూడోది దొరికింది. నట్టు చుట్టూ గుడ్డ కప్పాలి, చెయ్యి దూరంగా ఉంచాలి. కంప్యూటర్ అదుపులో నడిచే కొత్త తరం కామన్ రైల్ డీజిల్ బండ్లకు మాత్రం ఈ పరీక్ష చేయనే కూడదు. వాటిలో ప్రెషర్ వెయ్యి బార్లు (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటి కూడా పోతుంది, మనిషి ప్రాణానికే ప్రమాదం.

తేడా ఒక్కదానిలో ఉన్నా నాలుగూ విప్పించాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. నాలుగూ ఒకే వయసువి, ఒకే డీజిల్ తాగినవి. ఒక్కటి కొత్తది వేస్తే అది ఒక ప్రెషర్‌లో, మిగతావి ఇంకో ప్రెషర్‌లో తెరుచుకుంటాయి, స్లో ఎప్పటికీ నున్నగా రాదు.

విప్పే ముందు నాజిల్ గుంటల చుట్టూ ఉన్న మట్టి, జిడ్డు బ్రష్‌తో కడిగి గాలి కొట్టాలి. ఎంత శుభ్రం చేసినా ఎక్కువ కాదు. ప్రెషర్ పైపుల్ని ఒక్కోటి వంచి పీకకుండా క్లాంపుతో సహా మొత్తం సెట్టుగా తీయాలి. పంపు వైపు నట్టు తిప్పేటప్పుడు కింద పంపుకి బిగించి ఉన్న డెలివరీ వాల్వ్ హోల్డర్‌ని రెండో పానాతో పట్టి ఉంచాలి, లేకపోతే అదీ కలిసి తిరుగుతుంది. తీసిన ప్రతి మూతికీ వెంటనే క్యాప్ పెట్టాలి. మిగిలిన డీజిల్‌ని వెనక్కి పంపే ఓవర్‌ఫ్లో రబ్బరు పైపులు మా బండికి చేత్తో పట్టుకుంటే విరిగేంత బిరుసెక్కాయి, అవి ఎలాగూ మార్చాల్సిందే. ఏ నాజిల్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకుంటే తర్వాత టెస్టర్ మీద కనిపించే దోషం ఏ సిలిండర్ పొగదో అర్థమవుతుంది. నాజిల్ బయటికొచ్చాక గుంట అడుగున పాత వాషర్ అతుక్కుపోయి ఉందేమో టార్చి వేసి చూడాలి. దాని మీదే కొత్తది వేస్తే నాజిల్ ఉండాల్సిన లోతులో ఉండదు, కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కిన గాలి) కూడా లీకవుతుంది.

ఇక అసలు పని జరిగింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక పంపు షాపులో. అక్కడ పాత మేస్త్రీలు ఇప్పటికీ "మైకో నాజిల్ వేయమంటారా" అనే అడుగుతారు. 1951లో బెంగళూరులో మొదలైన ఆ మైకో కంపెనీకి 2008లో బాష్ అని పేరు మారినా ఆటోనగర్ నోట్లో పాత పేరే ఉండిపోయింది. నేను దగ్గరే నిలబడి చూశాను, చూడమనే మీకూ చెబుతున్నాను. మెకానికల్ నాజిల్‌లో ఉన్న పెద్ద సుఖం ఇదే. మంచీ చెడూ టెస్టర్ మీద కంటికి కనిపిస్తాయి, చెవికి వినిపిస్తాయి.

చేతి టెస్టర్‌కి బిగించి మీట నొక్కితే నాజిల్ ఏ ప్రెషర్ దగ్గర తెరుచుకుందో గేజిలో కనిపిస్తుంది. మా బండి లాంటి పాత ఇంజన్ల పిన్‌టిల్ (నీడిల్ కొనకి చిన్న పిన్ను ఉండే) నాజిళ్లు మామూలుగా 120 నుంచి 150 బార్ల మధ్య తెరుచుకుంటాయి, కచ్చితమైన లెక్క ఆ ఇంజన్ మాన్యువల్‌లో ఉంటుంది. మావి నాలుగూ ఉండాల్సిన దానికంటే కిందే ఉన్నాయి, అదీ నాలుగు రకాలుగా. ఏళ్ల తరబడి నొక్కుకుని స్ప్రింగ్ సడలుతుంది. దాంతో నాజిల్ ముందే తెరుచుకుంటుంది, డీజిల్ ముందే పడుతుంది, నాకింగ్ మొదలవుతుంది. ఇక మూడో నాజిల్ తుంపర చేయడం మానేసి ఒక పక్కకి సన్నని ధారలా పోసింది. ప్రెషర్‌ని తెరుచుకునే చోటికి కాస్త కింద నిలిపి ఉంచితే మూతి దగ్గర చుక్క కట్టి కారింది. పొద్దుటి పచ్చి వాసనకి మూలం అక్కడే ఉంది. ఆ తుంపర కింద వేలు పెట్టి చూపించే అలవాటు కొందరికి ఉంది. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాల్సిందే.

లోపల నీడిల్, బాడీ ఒక జత. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే. ఒకదాని నీడిల్ ఇంకోదానిలో వేయకూడదు, సానగుడ్డతో రుద్దకూడదు, నూలు రాలే గుడ్డతో తుడవకూడదు. డీజిల్‌లో కడిగి, బాడీని కొంచెం వాలుగా పట్టుకుని నీడిల్‌ని మూడో వంతు పైకి లాగి వదిలితే తన బరువుకే కిందికి జారాలి. కొత్త నాజిళ్లు కూడా ఈ పరీక్ష చేశాకే వేయించాను. పాత హోల్డర్లలో గీతలు లేవు కాబట్టి వాటినే ఉంచాం. కొత్త హోల్డర్లతో సహా కొని ఉంటే అయ్యే ఖర్చులో మూడో వంతు కూడా కాలేదు.

ప్రెషర్ సెట్టింగ్ అంటే స్ప్రింగ్ మీద షిమ్ములు, అంటే సన్నని బిళ్లలు, మార్చడమే. మిల్లీమీటరులో పదో వంతుకన్నా తక్కువ తేడాకే గేజి కొన్ని బార్లు కదులుతుంది. మేస్త్రీ ప్రతిదాన్నీ విప్పి, షిమ్ము మార్చి, బిగించి, మళ్లీ కొట్టి చూస్తూ నాలుగింటినీ దాదాపు ఒకే చోటికి తెచ్చారు. వాడకంలో స్ప్రింగ్ కొంత సర్దుకుంటుంది కాబట్టి కొన్ని బార్లు పైకే ఉంచారు. బాగున్న నాజిల్ మీట నొక్కుతుంటే పాత తలుపు కీచుమన్నట్టు ఒక చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు నాలుగింటిలోనూ ఒకేలా వచ్చేదాకా ఆయన వదల్లేదు. తొందరపెట్టకుండా ఆ పూట ఆయనకి వదిలేయడమే మనం చేయగలిగిన సాయం.

బిగించడం తేలికే, కానీ వాషర్లు అన్నీ కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడితే చేసిన పనంతా వృథా. నాజిల్ కింద వేడిని అడ్డుకునే వాషర్‌కి పైభాగం, కిందిభాగం ఉంటాయి, చూసుకుని వేయాలి. నాజిల్స్ పెట్టే ముందు ఒకసారి సెల్ఫ్ కొడితే గుంటల్లో రాలిన బొగ్గు బయటికి ఎగిరిపోతుంది, ఆ సమయంలో ముఖం దూరంగా ఉండాలి. బిగింపు టార్క్ రెంచితోనే. తర్వాత పంపు దాకా ఎయిర్ తీసి, నాజిల్ వైపు నట్లు లూజుగా ఉంచి డీజిల్ చిమ్మేదాకా సెల్ఫ్ కొట్టి, నట్లు బిగిస్తే బండి అందుకుంటుంది. చివర్లో పంపు టైమింగ్, స్లో మరోసారి చూపించుకోవాలి, ప్రెషర్ మారితే డీజిల్ పడే వేళ కూడా మారుతుంది కదా.

వాడకంలో ఏం నిలిచింది? స్టార్టింగ్ ఇప్పటికీ బాగుంది, చలికాలం కూడా టెన్షన్ లేదు. నాకింగ్ తిరిగి రాలేదు. ఘాట్‌లో పూర్తిగా తొక్కినప్పుడు కొద్దిగా పొగ ఉంటుంది, అంతే. పొల్యూషన్ టెస్టులో ఈ తరం డీజిల్ బండ్లకు పరిమితి 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు (పొగ చిక్కదనం కొలత), ఇప్పుడు బండి తేలిగ్గా ఆ లోపే ఉండి పాసవుతోంది. పదిహేనేళ్లు నిండిన బండిని ఫిట్‌నెస్‌కి తీసుకెళ్లేవాళ్లకి ఇదొక్కటే చాలు ఈ పని చేయించడానికి. మైలేజీ హైవే మీద లీటరుకి ఒక కిలోమీటరు పెరిగి ఉంటుంది, ఊళ్లో తేడా కనిపెట్టలేకపోయాను. ఆమధ్య నాలుగూ మళ్లీ టెస్టర్ మీద పెట్టిస్తే ప్రెషర్ కొంచెమే తగ్గింది, తుంపర బాగుంది, ఒక్కదానికీ చుక్క లేదు. వాషర్లు మాత్రం మళ్లీ కొత్తవి వేయించాను.

2020 ఏప్రిల్ నుంచి బంకుల్లో వస్తున్న బీఎస్-6 డీజిల్‌లో సల్ఫర్ 10 పీపీఎం మించదు. సల్ఫర్‌తో పాటు నూనెతనం తగ్గి అది పాత నాజిళ్లను అరగదీస్తుందని చాలామంది భయపడతారు. ఆ డీజిల్ ప్రమాణాల్లోనే నూనెతనానికి కూడా పరిమితి ఉంది, మా నాజిళ్లలోనూ ఆ అరుగుదల కనిపించలేదు. వాటిని నిజంగా తినేసేది నీళ్లు, మట్టి. అందుకే ఫిల్టర్ మంచి రకానిది వేసి, దాని అడుగున చేరిన నీళ్లు ఎప్పటికప్పుడు బయటికి వదిలేస్తున్నాను.

పంపూ నాజిల్సూ ఉన్న పాత డీజిల్ బండి ఏదైనా, కంప్రెషన్ బాగుంటే ఈ పని చేయించండి. కంప్రెషన్ పోయిన ఇంజన్‌కి ఎంత మంచి నాజిల్ వేసినా తెల్ల పొగ ఆగదు, అది ముందు కొలిపించుకోండి. షాపు ఎంచుకునేటప్పుడు టెస్టర్ మీద మీ ఎదుటే చూపిస్తారా అని అడగండి. ఒప్పుకోకపోతే ఆటోనగర్‌లో పక్క షాపుకి వెళ్లండి.