మూసీ కథ వాళ్ళు వేశారు, షెర్బోర్న్ కథ మనవాళ్ళు వేశారు

మా పాప ఎనిమిదో తరగతి. నిరుడు ఆగస్టులో, పిల్లలతో నాటకాలు వేయించే ఈ సంస్థవాళ్ళు హైదరాబాద్ మలక్‌పేటలోని పాప స్కూలుకొచ్చి, ఇంగ్లండ్‌లో కొవెంట్రీ అనే ఊరి పిల్లలతో కలిపి ఒక నాటకం తయారు చేయిస్తామన్నారు. నవంబర్ దాకా నడుస్తుంది, ఫీజు 6,000 రూపాయలు. నేను ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడతాను. ఆరు వేలంటే మాకు ఆలోచించకుండా తీసిచ్చే డబ్బు కాదు. అయినా ఇచ్చినందుకు నాకు తృప్తిగా ఉంది. వాళ్ళు మార్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి, అవీ రాస్తాను.

ముందు పద్ధతి చెప్పాలి, దీని బలమంతా అందులోనే ఉంది. మన ఊరి కథను మన పిల్లలు రాసి అవతలివాళ్ళకు అప్పజెప్పాలి. దాన్ని వేసేది వాళ్ళు. వాళ్ళ ఊరి కథ వేసేది మనవాళ్ళు. వారానికోసారి వీడియో కాల్‌లో ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతారు. రేపు స్టేజీ మీద నిలబడి చేయాల్సింది తామే గనుక, అర్థం కానిదాన్ని ఎవరూ వదిలిపెట్టరు. టీచరు అడిగితే తల ఊపి ఊరుకునే పిల్లలు కూడా ఇక్కడ ఊరుకోలేదు.

ఇద్దరికీ ఇచ్చిన అంశం నది. మనకు మూసీ. మావాళ్ళు 1908 సెప్టెంబర్ 28 నాటి వరదను ఎంచుకున్నారు. అఫ్జల్‌గంజ్‌లో, ఇప్పుడు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెప్పుకుంటారు కదా, అదే ఒక పేజీ రాసి పంపారు. అటునుంచి ప్రశ్నలొచ్చాయి. కొమ్మలు నేలకు ఎంత ఎత్తున మొదలవుతాయి? చంకలో పిల్లను పెట్టుకున్న ఆడమనిషి ఎక్కగలదా? బెరడు గరుకా, నున్ననా? తడిస్తే జారుతుందా? ఒక్కదానికీ మావాళ్ళ దగ్గర జవాబు లేదు. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీదుగా రోజూ పోయొచ్చే పిల్లల్లో ఆ చెట్టును చూసినవాళ్ళు ఒక్కరు లేరు.

దసరా సెలవులైనా సరే, ట్రైనర్ మేడమ్ సెప్టెంబర్ 28నే అందరినీ అక్కడికి తీసుకెళ్ళింది. ఏటా ఆ రోజు కొందరు ఆ చెట్టు కింద చేరి వరదలో పోయినవాళ్ళను తలచుకుంటారు. నేనూ వెళ్ళాను. పిల్లలు బెరడు మీద తెల్లకాగితం పెట్టి పెన్సిల్‌తో అడ్డంగా రుద్దితే గీతలు, గుంటలు అచ్చు పడ్డాయి. చేతులు చాచి కాండం ఎంత లావుందో చూశారు. ఒకమ్మాయి చున్నీ పరుచుకుని వెల్లకిలా పడుకుని, కింది నుంచి కొమ్మలు ఎలా కనిపిస్తాయో అలాగే బొమ్మ వేసింది. అవన్నీ స్కాన్ చేసి పంపారు. మా పాప తరగతిలో ఉర్దూ మాట్లాడే ఇంటి అబ్బాయి ఒకడు కవి అమ్జద్ హైదరాబాదీ సంగతి చెప్పాడు. ఆ వరదలో ఆయన తల్లి, భార్య, కూతురు కొట్టుకుపోయారు, ఆయనొక్కడే మిగిలాడు. అది విన్న రోజు కాల్‌లో అటువైపు పిల్లలు కాసేపు ఏమీ అడగలేదు. తర్వాత వారం, "మరి మళ్ళీ అలా రాకుండా ఏం చేశారు?" అని అడిగారు. అప్పుడు మావాళ్ళు విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తికావడం కూడా కథలో చేర్చారు.

మా అత్తమ్మ మూసీ ఒడ్డున మూసానగర్‌లో ఉన్న మనిషి. 2020 అక్టోబర్ వానల్లో నీళ్ళు ఇంట్లోకి వచ్చిన రాత్రిని పాప ఆమెతో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసింది. "ముందుగాల సప్పుడు రాదు బిడ్డా, వాసనొస్తది" అంది ఆమె. ఆ రికార్డింగు కూడా కొవెంట్రీకి పోయింది.

వాళ్ళ నది పేరు షెర్బోర్న్. ఊరి నడిమధ్యలో అది చాలావరకు కనిపించదు, రోడ్ల కింద సొరంగంలో పోతుంది. తమ ఊళ్ళో నది ఉందనే అక్కడి పిల్లల్లో కొందరికి తెలియదట. "అమ్మా, వాళ్ళు నదిని మూసేసిండ్రట, దాన్ని మేం చేయాలె, ఎట్ల చేయాలె?" అని పాప ఆ సాయంత్రం నా మిషను పక్కనే కూర్చుంది. ఇక్కడ నాకు పని పడింది. సంస్థవాళ్ళ కాగితంలో "నీలం శాటిన్ పది మీటర్లు" అని ఉంది. శాటిన్ వద్దన్నాను. లైట్ల కింద తళతళ తప్ప ఏమీ కనపడదు, పిల్లల చేతుల్లో జారిపోతుంది, కుడితే ముడతలు పడుతుంది. బూడిదరంగు కేంబ్రిక్ నూలుబట్ట, 44 అంగుళాల పన్నాది తెప్పించి, రెండు పన్నాలు కలిపి కుట్టాను. అది రోడ్డు. దాంట్లో అక్కడక్కడా జానెడు చీలికలు పెట్టి, పోగులు ఊడకుండా బ్లౌజు మెడకు వేసినట్టే పైపింగ్ వేశాను. ఎనిమిది మంది ఆ బట్టను నడుమెత్తున బిగించి పట్టుకుంటే, కింద కూర్చున్న పిల్లలు చీలికల్లోంచి నీలం షిఫాన్ కొద్దికొద్దిగా పైకి తోసి మళ్ళీ లాక్కుంటారు. ఇది మేడమ్ ఆలోచన కాదు, నాదీ కాదు. వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లవాడు చెప్పాడు. మేడమ్ వెంటనే ఒప్పుకుని, తన ప్లాన్ పక్కన పెట్టింది. ఈ ట్రైనర్‌కు నేను మార్కులు వేసేది అందుకే.

ప్రదర్శన నవంబర్ 14న అన్నప్పుడు, చిల్డ్రన్స్ డే కదా, అందుకే పెట్టారనుకున్నాం. కొవెంట్రీలో ఆ తేదీకి అర్థం వేరు. 1940లో అదే రోజు రాత్రి జర్మనీ విమానాలు ఆ ఊరి మీద బాంబులు వేశాయి. అయిదు వందల మందికి పైగా చనిపోయారు, వందల ఏళ్ళ నాటి పెద్ద చర్చి కాలిపోయింది. నీటి పైపులు పగిలిపోవడంతో మంటలార్పడానికి నీళ్ళు చాల్లేదు. ఆ కథ చదివాక పాప, "మనకాడ నీళ్ళొచ్చి పోయిండ్రు, ఆడ నీళ్ళు లేక పోయిండ్రు" అంది. రెండు ఊళ్ళ కథను ఒకే నాటకంగా కలిపింది ఆ మాటే. ఆ చర్చిలో కాలిన దూలాలు రెండు ఒకదాని మీదొకటి అడ్డంగా పడి ఉంటే, రాళ్ళ పని చేసే ఒకాయన వాటిని కట్టి శిలువగా నిలబెట్టాడట. మావాళ్ళు టెంట్ హౌస్ నుంచి తెచ్చిన వెదురు బొంగులతో అది చేశారు. పాత గోడలను పైకప్పు లేకుండా అలాగే ఉంచి, పక్కనే కొత్త చర్చి కట్టి 1962లో ప్రారంభించారు. "వానకు తడవదా, కప్పెందుకు వేయలేదు?" అని మావాళ్ళు అడిగితే, "మేం అక్కడే కూర్చుని శాండ్‌విచ్‌లు తింటాం" అని ఒక పంజాబీ ఇంటి పిల్ల చెప్పింది. ఆ మాట కూడా నాటకంలోకి వచ్చింది.

అన్నట్టు, బడిపిల్లలకు నాటకం ద్వారా పాఠం చెప్పే పద్ధతి ఆ ఊళ్ళోని బెల్‌గ్రేడ్ థియేటర్‌లోనే 1965లో ఒక రూపానికి వచ్చిందట. యుద్ధం తర్వాత ఆ థియేటర్ కట్టడానికి అప్పటి యుగోస్లావియాలోని బెల్‌గ్రేడ్ నగరం కలప ఇచ్చింది, ఆ పేరే పెట్టుకున్నారు. చిన్నప్పుడు పబ్లిక్ గార్డెన్స్‌లో సురభి నాటకాలు చూసినదాన్ని, చంటిపిల్లలతో సహా ఇంటిల్లిపాదీ స్టేజీ ఎక్కే కుటుంబాలు మనకున్నాయి. వచ్చే బ్యాచ్‌కు సురభి కళాకారులు ఒకరిని పిలిచి పిల్లలతో మాట్లాడిస్తే ఎంత బాగుంటుందో.

టెక్నికల్ విషయం ఒకటి. కాల్‌లో రెండు వైపులా కలిసి పాడటం కుదరదు. అటు చప్పట్లు ఇటు ఆలస్యంగా వినపడతాయి, ఇక తాళం నిలవదు. డప్పు కొడితే జూమ్ దాన్ని గోల అనుకుని అణిచేసింది, వాళ్ళకు ఎవరో దగ్గినట్టు వినపడిందట. సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్" పెట్టాక డప్పు డప్పులా పోయింది. ఇది మొదటి రోజే చెప్పాల్సింది.

ప్రదర్శన స్కూలు గ్రౌండ్‌లోనే, సాయంత్రం ఆరున్నరకు. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట. వాళ్ళ భాగం ముందే రికార్డు చేసి పంపారు, తెర మీద వేశారు. మనవాళ్ళది లైవ్‌లో వాళ్ళు చూశారు. చింతచెట్టును కొవెంట్రీ పిల్లలు అట్టతో చేయలేదు. పిల్లలే ఒకరి నడుము ఒకరు పట్టుకుని, కొందరు భుజాలెక్కి చెట్టయ్యారు. కింద బురదరంగు దుప్పటి కదులుతోంది. నాటకం మొదలవడమే ఒక బక్కపలచని పిల్లవాడు ముందుకొచ్చి తెలుగులో, "ముందుగాల సప్పుడు రాదు బిడ్డా, వాసనొస్తది" అన్నాడు. పలుకు అక్కడక్కడా తడబడింది, కానీ అత్తమ్మ ఆగినచోటే ఆగాడు. ఆమె కుర్చీలోంచి లేచి నిలబడి నాటకం అయ్యేదాకా కూర్చోలేదు.

ఇక సంస్థవాళ్ళకు చెప్పాల్సినవి. ఇంగ్లండ్‌లో అక్టోబర్ చివరి ఆదివారం గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. అప్పటిదాకా మన రెండున్నర వాళ్ళకు పది, ఆ తర్వాత తొమ్మిది. ఇది ఏటా జరిగేదే. అయినా ఎవరూ ముందు చెప్పలేదు, ఒక కాల్ పూర్తిగా పోయింది. తర్వాత మూడున్నరకు మార్చితే స్కూలు బస్సు టైముతో తన్నుకుంది, ఆటోల్లో పిల్లలను తెచ్చుకోవాల్సి వచ్చింది. ఆగస్టులో వాళ్ళకు సెలవులు, దసరాకు మనకు, అక్టోబర్ చివర మళ్ళీ వాళ్ళకు వారం. రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూస్తే, చివరి రెండు వారాల హడావిడి తప్పేది. బట్టలు, లైట్ల ఖర్చు ఫీజులో లేదన్న మాట అక్టోబర్‌లో తెలిసింది. అలా చేయడం నాకు నచ్చలేదు. ఇద్దరు తల్లులు ఆ డబ్బు కట్టలేక పిల్లలను మానిపించబోతే, మిగతా తల్లిదండ్రులం పంచుకున్నాం.

ఐదుకు నాలుగు ఇస్తున్నా. మొహమాటం లేని ట్రైనర్, అవతల గట్టిగా ప్రశ్నలడిగే పిల్లలు ఉంటే ఇంకేం అక్కర్లేదు. చేర్పించే ముందు ఫీజులో ఏమేమి కలిసి ఉన్నాయో కాగితం మీద రాయించుకోండి, నవంబర్ కాల్స్ టైము, బస్సు టైము కూడా అడగండి. బట్టల లిస్టులో శాటిన్ ఉంటే కేంబ్రిక్ అడగండి.