రోల్ మధ్యలో అయిపోతే? కెనాన్ టీఎం-300 ప్లాటర్ గురించి నల్లగొండ నుంచి

లేఅవుట్ ప్లాన్లు, సర్వే మ్యాపులు గీసే ఆఫీసుల వాళ్లు ప్లాటర్ (రోల్ పేపర్ మీద పెద్ద సైజు ప్లాన్లు కొట్టే ప్రింటర్) కొనేముందు స్పీడ్ అడుగుతారు, ఇంకు ఖర్చు అడుగుతారు, పేపర్ మధ్యలో అయిపోతే ఏం చేస్తుందని మాత్రం అడగరు. నన్నడిగితే మొదట అడగాల్సింది అదే. షీట్ సగం పడ్డాక రోల్ అయిపోతే ఆ పేపర్ దండగ, ఇంకు దండగ, మళ్లీ మొదటి నుంచి కొట్టాలి, అవతల పార్టీ మున్సిపల్ ఆఫీసు దగ్గర నిలబడి ఫోన్ మీద ఫోన్ చేస్తుంటాడు.

మా ఆఫీసులో ఉన్నది 36 అంగుళాల కెనాన్ టీఎం-300. పట్టేది ఒక్కటే రోల్. ఇందులో నాకు బాగా నచ్చింది మిగిలిన పేపర్ లెక్క. సెట్టింగ్స్‌లో ఆ ఆప్షన్ ఆన్ చేసుకుంటే, రోల్ తీసేటప్పుడు దాని అంచు మీద బార్‌కోడ్ ముద్రిస్తుంది. అదే రోల్ మళ్లీ పెడితే బార్‌కోడ్ చదువుకుని పేపర్ రకం ఏంటో, ఎంత మిగిలిందో తనే చూపిస్తుంది. బాండ్ పేపర్ (మామూలు తెల్ల పేపర్) తీసి ట్రేసింగ్ (అవతలిది కనిపించే పల్చటి పేపర్) ఎక్కించి మళ్లీ బాండ్ పెట్టే మాలాంటి వాళ్లకు ఇది పెద్ద ఊరట. కానీ ప్యానెల్‌లో రోల్ తీసే ఆప్షన్ నొక్కే తీయాలి, చేత్తో లాగేస్తే బార్‌కోడ్ పడదు.

ఇంకొకటి, కొత్త రోల్ పెట్టినప్పుడు పొడవు మనమే ఇవ్వాలి. అక్కడ తప్పుడు అంకె పడితే చివరిదాకా లెక్క తప్పే. మేం తెప్పించుకునే ఒక చోట 50 మీటర్లని చెప్పి 45 మీటర్ల రోల్స్ పంపేవాళ్లు. అట్టపెట్టె మీద ఉన్నది చదివి ఎక్కించండి, నోటిమాట నమ్మొద్దు.

పొదుపు కూడా చూడండి. 36 అంగుళాలంటే 914 మిల్లీమీటర్లు. ఏ1 షీట్‌ను (594 × 841 మిల్లీమీటర్లు) తిప్పి, 841 మిల్లీమీటర్ల వైపు రోల్ వెడల్పులో పడేలా వేస్తే పొడవులో పోయేది 594 మాత్రమే, 50 మీటర్లలో దాదాపు 80 షీట్లు వస్తాయి. తిప్పకుండా కొడితే 60 కూడా రావు! ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోకాడ్ నుంచి పంపేముందు ప్రివ్యూలో ఇదొక్కటి చూసుకుంటే చాలు.

కొన్ని కంపెనీల రోల్స్‌లో చివరి పేపర్‌ను గొట్టానికి గట్టిగా టేపుతో అంటిస్తారు, అక్కడ లాగుడు పడి గీతలు వంకరపోతాయి. అందుకే చివరి మీటరు, రెండు మీటర్లలో ఫైనల్ ప్రింట్ వేయం, తప్పులు చూసుకునే చెక్ ప్రింట్లకు వాడేస్తాం.

పొద్దంతా ప్లాన్ల ప్రింట్లు కొట్టే జిరాక్స్ షాపులైతే రెండు రోల్స్ పట్టే మోడలే తీసుకోండి. చిన్న ఆఫీసుకు టీఎం-300 ధైర్యంగా కొనొచ్చు, కాకపోతే స్పేర్ రోల్ ఎప్పుడూ బీరువాలో ఉండాలి, హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో వచ్చేదాకా పార్టీ ఆగడు.