కాంపాక్ట్ ఓఈడీ (1971): ఏళ్ల తరబడి వాడాక

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 1933 ముద్రణలోని పన్నెండు సంపుటాలూ, అనుబంధమూ రెండే పుస్తకాల్లో ఇమిడాయి. నాలుగేసి పేజీలను ఫొటో తీసి, కుదించి, ఒక్క పేజీలో వేశారు. అట్టపెట్టె పైన చిన్న సొరుగు, అందులో భూతద్దం.

వాడేముందు ఒకటి తెలియాలి. ఇందులో అన్ని అక్షరాలదీ ఒకే వయసు కాదు. 1884లో 'ఎ'తో విడి భాగాలుగా మొదలైన అచ్చు 1928కి గానీ ముగియలేదు. అందుకే అపెండిసైటిస్ అనే మాట అనుబంధం కాని మూల నిఘంటువులో దొరకదు. అది వైద్యుల మాట మాత్రమే అనుకుని సంపాదకుడు జేమ్స్ మరే వదిలేశారు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఆ జబ్బు వల్లే వాయిదా పడి, ఆ మాట అందరి నోటా నానింది. కాబట్టి మాట కనబడకపోతే లేదని తేల్చేయకండి, రెండో సంపుటం చివర ఉన్న అనుబంధం తిరగేయండి. మాటల ఉదాహరణలు రాసుకున్న చీటీలు పోయి, అచ్చులో జారిపోయిన బాండ్‌మెయిడ్ (దాసి) కూడా అక్కడే చేరింది.

బ్యాండికూట్ తీసి చూడండి. వ్యుత్పత్తి దగ్గర మన పందికొక్కు ఉంటుంది! కింద ఉదాహరణలన్నీ ఏళ్ల వరుసలో. ఎక్కడైనా ఏడాది ముందు చిన్న 'సి' ఉంటే సుమారుగా అని, చిన్న 'ఎ' ఉంటే అంతకు ముందే అని. మాట ముందు బాకు గుర్తు (†) ఉంటే వాడుక పోయిందని. మొదటి ఉదాహరణ తేదీని ఆ మాట పుట్టిన తేదీ అనుకోకూడదు. అప్పటికి చీటీల్లో దొరికినంత మేరకే అది. చాలా మాటలకు తర్వాత ఇంకా పాతవి దొరికాయి.

ట్యూబులైటు కింద అద్దం మెరిసి అక్షరం కనబడదు. టేబుల్ లైటును పక్కనుంచి ఏటవాలుగా పెట్టాలి. వెనకవైపు అచ్చు తొంగిచూస్తుంటే పేజీ కింద నల్ల కాగితం పెడితే సరి. 1991 నాటి ఒకే సంపుటం కాంపాక్ట్‌లో పేజీకి తొమ్మిది పేజీలు కుక్కారు. కొత్త మాటలు కావాలంటే అదే మేలు గానీ, గంటసేపు చదవాలంటే నా ఓటు 1971కే.

పాతది కొనేటప్పుడు వెన్ను చూసుకోండి. పెట్టెలోంచి పైఅంచు పట్టి లాగితే చిరిగేది అక్కడే. పెట్టెను వంచి, పుస్తకాన్ని అరచేతిలోకి జారనివ్వాలి.