నెట్‌వర్క్ కంప్యూటర్లకు ఓపెన్ సోర్స్ బ్యాకప్: ఏది మేలు?

ఒక్క కంప్యూటర్‌లోని ఫైళ్లను బయటి డిస్క్‌లోకి కాపీ చేసుకోవడానికి పెద్ద సాధనమేమీ అక్కర్లేదు. ఇరవై ముప్ఫై కంప్యూటర్లు ఒకే నెట్‌వర్క్‌లో ఉండి, కొన్ని విండోస్ మీద, కొన్ని లినక్స్ మీద నడుస్తూ, మరికొన్ని సాయంత్రానికి సంచిలోకి చేరే ల్యాప్‌టాప్‌లు అయినప్పుడు మాత్రం ఆ పనిని ఎవరో ఒకరి జ్ఞాపకానికి వదిలేయలేము. ఇందుకు ఓపెన్ సోర్స్‌లో మంచి సాధనాలే ఉన్నాయి. వాటిని పోల్చేటప్పుడు వేగాన్ని, తెర మీది హంగులను పక్కనబెట్టి, బ్యాకప్‌ను చెరిపే అధికారం ఎవరి చేతిలో ఉంది, ఒక యంత్రానికి బ్యాకప్ ఆగిపోతే ఆ సంగతి ఎలా తెలుస్తుంది, బ్యాకప్ సర్వరే పోయిన రోజున ఫైళ్లు ఎలా బయటికి వస్తాయి అన్నవి ముందు చూడాలని నా అభిప్రాయం.

చెరిపే అధికారం సంగతి అన్నింటికన్నా ముందు రావడానికి కారణం రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్. ఉద్యోగి కంప్యూటర్‌లోకి చొరబడిన వైరస్‌కు ఆ ఉద్యోగికి ఉన్న అధికారాలన్నీ వస్తాయి. ఆ కంప్యూటర్ తన బ్యాకప్‌ను తానే సర్వర్‌కు పంపేదైతే, పంపడానికి వాడే పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. అదే పాస్‌వర్డ్‌తో పాత బ్యాకప్‌లను చెరిపే వీలు కూడా ఉంటే, అసలూ నకలూ ఒకే రాత్రి పోతాయి. సర్వరే ప్రతి యంత్రం దగ్గరకు వెళ్లి ఫైళ్లు తెచ్చుకునే పద్ధతిలో ఈ ప్రమాదం లేదు. కానీ అన్ని యంత్రాల తాళంచెవులూ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటాయి కనుక, దాన్ని అన్నింటికన్నా భద్రంగా కాపాడుకోవాలి.

ఇలా తెచ్చుకునే సాధనాల్లో పాతకాపు బ్యాకప్‌పీసీ. పెర్ల్ భాషలో రాసిన ఈ సాఫ్ట్‌వేర్ 2001 నుంచి ఉంది. క్లయింట్ యంత్రాల్లో, అంటే బ్యాకప్ తీయాల్సిన కంప్యూటర్లలో, ప్రత్యేకమైన ప్రోగ్రామ్ ఏదీ పెట్టనక్కర్లేదు. ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్, వాటిని ఒకే కట్టగా కట్టే టార్, విండోస్ షేరింగ్‌కు వాడే ఎస్‌ఎంబీ వంటి మార్గాల్లోనే అది పని చేస్తుంది. ఒకే ఫైల్ పది యంత్రాల్లో ఉంటే డిస్క్ మీద ఒక్కసారే దాచుతుంది. దీన్ని రాసినవారికి ఆఫీసు దినచర్య బాగా తెలుసునని సెట్టింగులు చూస్తే అర్థమవుతుంది. పూర్తి బ్యాకప్‌ల మధ్య గడువు 7 రోజులని కాక 6.97 రోజులని ఉంటుంది. సర్వర్ గంటకోసారి మేల్కొని ఎవరి వంతు వచ్చిందో చూస్తుంది కాబట్టి, గడువు సరిగ్గా 7 రోజులైతే కొద్ది నిమిషాల తేడాతో బ్యాకప్ తర్వాతి గంటకు జరిగి, వారం వారం అలా వెనక్కి జారుతూ పోతుంది. ఆ కొద్దిపాటి తగ్గింపు ఆ జారుడును ఆపుతుంది. అలాగే, ఎప్పుడూ నెట్‌వర్క్‌లో కనిపించే యంత్రాలను పని దినాల్లో ఉదయం 7 నుంచి రాత్రి 7.30 దాకా ముట్టుకోదు. అప్పుడప్పుడు మాత్రమే కనిపించే ల్యాప్‌టాప్‌ను మాత్రం దొరికినప్పుడే పట్టుకుంటుంది. వారం రోజులుగా బ్యాకప్ లేని యంత్రం వాడుకరికి మెయిల్ పంపుతుంది.

విండోస్ దగ్గరకు వచ్చేసరికి బ్యాకప్‌పీసీ తడబడుతుంది. ఎస్‌ఎంబీ ద్వారా వెళ్లినప్పుడు, వేరే ప్రోగ్రామ్ తెరిచి తన అధీనంలో పెట్టుకున్న ఫైల్‌ను అది చదవలేదు. పని వివరాలు రాసుకునే లాగ్‌లో షేరింగ్ వయొలేషన్ అని ఒక వరుస మిగులుతుంది. రోజంతా తెరిచే ఉండేవి మెయిల్ పెట్టె, లెక్కల ఫైల్ వంటివే, అంటే పోతే అందరికన్నా ముందు అడిగేవే. మిగతా వేల ఫైళ్లు వచ్చాయి కనుక బ్యాకప్ జరిగినట్టే లెక్క. ఆ వరుసను ఎవరూ చదవకపోతే, కావలసిన ఫైల్ ఏ రోజు బ్యాకప్‌లోనూ లేదని అడిగిన రోజున కానీ తెలియదు. 2017లో వచ్చిన 4వ వెర్షన్ నిల్వ పద్ధతిని మార్చి, పాత వెర్షన్ల హార్డ్ లింకుల (ఒకే ఫైల్‌కు పలు పేర్లు పెట్టే ఏర్పాటు) బెడద తీర్చింది. అంతకుముందు లక్షలాది లింకులున్న ఆ నిల్వను మరో డిస్క్‌కు తరలించడమే పెద్ద యజ్ఞంగా ఉండేది.

ఎక్కువగా విండోస్ యంత్రాలే ఉన్నచోట నా మొగ్గు అర్‌బ్యాకప్ వైపు. దీనికి ప్రతి యంత్రంలో ఒక చిన్న క్లయింట్ పెట్టాలి, కానీ ఆ శ్రమకు తగిన ఫలం ఉంది. అది డిస్క్‌ను ఒక క్షణంలో ఉన్నది ఉన్నట్టు చూపే విండోస్‌లోని షాడో కాపీ సౌకర్యాన్ని వాడుకుంటుంది కనుక తెరిచి ఉన్న ఫైళ్లు కూడా వస్తాయి. ఫైళ్లతో పాటు మొత్తం డిస్క్ ఇమేజ్‌ను, అంటే డిస్క్ యథాతథ నకలును కూడా తీస్తుంది. డిస్క్ పాడైనప్పుడు పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, కొత్త డిస్క్ మీదకు విండోస్‌తో సహా తిరిగి తెచ్చుకోవచ్చు. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న క్లయింట్లను సర్వరే వెతికి పట్టుకుంటుంది. నాకు బాగా నచ్చే విషయం, ఫైల్ బ్యాకప్‌లు సర్వర్ డిస్క్ మీద మామూలు ఫోల్డర్లలో మామూలు ఫైళ్లుగానే ఉండడం. అర్‌బ్యాకప్ ప్రోగ్రామే మొరాయించినా, ఆ డిస్క్‌ను మరో లినక్స్ యంత్రానికి తగిలించి ఫైల్ తీసుకోవచ్చు. బ్యాకప్‌పీసీలో అయితే నిల్వను చదవడానికి దాని సొంత సాధనాలు కావాలి. ఇమేజ్‌లలో మారిన భాగాలను మాత్రమే వేగంగా గుర్తించే అదనపు భాగం విండోస్‌కు డబ్బు పెట్టి కొనాల్సిందే. అది లేకున్నా పని ఆగదు, సమయం ఎక్కువ పడుతుంది.

బాక్యులా, దాని నుంచి 2010లో చీలిన బారియోస్ మరో స్థాయి సాధనాలు. 2000లో మొదలైన బాక్యులా నిర్మాణమే ముక్కలుగా ఉంటుంది: పనులను ఆజ్ఞాపించే డైరెక్టర్, టేపులనూ డిస్కులనూ చూసుకునే స్టోరేజ్ డీమన్ (డీమన్ అంటే తెర వెనుక నడిచే ప్రోగ్రామ్), ప్రతి క్లయింట్‌లో ఉండే ఫైల్ డీమన్, ఏ ఫైల్ ఎక్కడుందో రాసి ఉంచే కేటలాగ్ డేటాబేస్. వీటి పేర్లూ పాస్‌వర్డ్‌లూ వేర్వేరు కాన్ఫిగరేషన్ ఫైళ్లలో అక్షరం పొల్లుపోకుండా ఒకదానికొకటి సరిపోవాలి. కొత్తగా నేర్చుకునేవారి మొదటి వారం చాలావరకు అక్కడే గడిచిపోతుంది. టేపులను తానే మార్చుకునే టేప్ లైబ్రరీ ఉండి, సంవత్సరాల తరబడి దాచాల్సిన నిబంధన ఉండి, దీన్నే పనిగా చూసుకునే మనిషి ఉన్నచోట దీనికి సాటి వచ్చేది లేదు. కేటలాగ్ పోతే వాల్యూములను, అంటే బ్యాకప్ రాసిన టేపులనూ డిస్కు ఫైళ్లనూ, మొదటి నుంచి చదివి మళ్లీ కట్టుకునే సాధనం ఉంది, కానీ దానికి చాలా సమయం పడుతుంది. అందుకే ప్రతి పని తర్వాత తయారయ్యే, తిరిగి తేవడానికి కావలసిన వివరాలుండే చిన్న బూట్‌స్ట్రాప్ ఫైల్‌ను సర్వర్ బయట దాచమంటారు. పది యంత్రాల ఆఫీసు దీని జోలికి పోకపోవడమే మంచిది.

టేపుల ప్రస్తావన వచ్చింది కాబట్టి అమాండా గురించి ఒక మాట. 1991 ప్రాంతంలో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ సాధనాన్ని ఈరోజు కొత్తగా ఎంచుకోమని చెప్పను. అయితే అది రాసే ప్రతి బ్యాకప్ ముందు 32 కిలోబైట్ల శీర్షిక ఉంటుంది. అందులో ఈ బ్యాకప్‌ను అమాండా లేకుండా, డీడీ, టార్ అనే మామూలు కమాండ్లతో ఎలా విప్పాలో మనిషి చదవగలిగే అక్షరాల్లో రాసి ఉంటుంది. ఏళ్ల తర్వాత ఆ టేప్ ఎవరి చేతిలో పడినా వారికి దారి చూపే ఏర్పాటు అది.

బోర్గ్, రెస్టిక్‌లది యంత్రమే తన బ్యాకప్‌ను పంపే పద్ధతి. 2015లో అటిక్ అనే సాధనం నుంచి చీలిన బోర్గ్, గో భాషలో రాసిన రెస్టిక్, రెండూ ఫైళ్లను లోపలి విషయాన్ని బట్టి ముక్కలుగా కోసి, కొత్త ముక్కలను మాత్రమే పంపుతాయి. పది గిగాబైట్ల వర్చువల్ డిస్క్ ఫైల్‌లో నాలుగు చోట్ల మార్పు జరిగితే, వెళ్లేవి ఆ నాలుగు చోట్ల ముక్కలే. బోర్గ్ విండోస్ మీద నేరుగా నడవదు. రెస్టిక్ నడుస్తుంది, తెరిచి ఉన్న ఫైళ్లకు షాడో కాపీని వాడమని చెప్పవచ్చు కూడా. లినక్స్ సర్వర్లకు నేను రెస్టిక్‌నే ఎంచుకుంటాను. అయితే పది యంత్రాలకూ ఒకే రిపాజిటరీ (బ్యాకప్‌ల నిల్వ) పెడితే స్థలం కలిసివస్తుందని ఆశపడకూడదు. ఒకే రిపాజిటరీని పంచుకున్న యంత్రాల్లో ఏ ఒక్కటి శత్రువు చేతికి చిక్కినా మిగతా అన్నింటి ఫైళ్లనూ చదివే వీలు చిక్కుతుంది. యంత్రానికొక రిపాజిటరీ పెట్టి, సర్వర్ వైపు రెస్టిక్ బ్యాకప్‌లను అందుకునే రెస్ట్-సర్వర్‌ను చేర్చడమే తప్ప చెరపనివ్వని పద్ధతిలో నడపాలి. పాతవాటిని తొలగించే పని వేరే యంత్రం నుంచి చేయాలి. అప్పుడు కూడా చివరి పది కాపీలు ఉంచమని కాకుండా, ఇన్ని రోజుల లోపువన్నీ ఉంచమని చెప్పాలి. లేకపోతే చొరబడినవాడు పనికిరాని బ్యాకప్‌లను పదింటిని గబగబా చేర్చి, మంచివాటిని మన చేతనే చెరిపించగలడు.

రెస్టిక్‌లో అసలు లోటు, అన్ని యంత్రాలనూ ఒకచోట చూపే పట్టిక లేకపోవడం. ఒక ల్యాప్‌టాప్‌లో షెడ్యూల్ చెడిపోతే అది మౌనంగా ఉండిపోతుంది. మౌనం ఎంతకు తెస్తుందో 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను దాచే గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగినది చెబుతుంది. దాదాపు 300 గిగాబైట్ల డేటాబేస్‌ను పొరపాటున తొలగించాక బ్యాకప్ కోసం వెతికితే, 9.6 వెర్షన్ డేటాబేస్ మీద 9.2 వెర్షన్ సాధనం నడుస్తూ ప్రతిసారీ విఫలమవుతోందని, ఆ సంగతి చెప్పాల్సిన మెయిళ్లు, పంపినవారు అసలువారేనా అని చూసే డీమార్క్ తనిఖీలో తిరస్కరణకు గురయ్యాయని బయటపడింది. వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) వారిని ఆదుకుంది. కాబట్టి రెస్టిక్ పెట్టినవారు, పని ముగించిన ప్రతి యంత్రం ఒకచోట హాజరు వేయించుకునేలా, హాజరు పడని యంత్రం పేరు రోజూ కళ్లబడేలా ఏర్పాటు చేసుకోవాలి. అర్‌బ్యాకప్‌లో చివరి బ్యాకప్ ఎప్పుడు జరిగిందో యంత్రాలవారీగా స్థితి పట్టికలోనే కనిపిస్తుంది. విండోస్ ఆఫీసుకు దాన్ని సూచించడానికి నాకున్న కారణాల్లో ఇది కూడా ఒకటి.

రెండూ కలిపి వాడడం తప్పేమీ కాదు. ఉద్యోగుల కంప్యూటర్లకు అర్‌బ్యాకప్, సర్వర్లకు రెస్టిక్ పెట్టి, అర్‌బ్యాకప్ సర్వర్‌లోని ఫైళ్లను మళ్లీ రెస్టిక్‌తోనే ఎన్‌క్రిప్ట్ చేసి మరో భవనంలోని డిస్క్‌కు పంపవచ్చు. రెస్టిక్ పాస్‌వర్డ్ పోతే ఆ బ్యాకప్‌ను తెరిచే దారి వేరే లేదు కనుక, దాన్ని కాగితం మీద రాసి, ఈ నెట్‌వర్క్‌లోని ఏ యంత్రంతోనూ సంబంధం లేని చోట ఉంచాలి. ఏది ఎంచుకున్నా, అందరి యంత్రాల్లో పెట్టకముందే ఒక పాత యంత్రం డిస్క్ ఊడదీసి, ఖాళీ డిస్క్ బిగించి, ఏర్పాటు చేసిన మనిషి కాక మరొకరు, రాసి ఉంచిన సూచనలను మాత్రమే చూస్తూ దాన్ని పూర్వస్థితికి తేగలుగుతున్నారో లేదో, అందుకు ఎన్ని గంటలు పడుతోందో చూడాలి.