అమెరికా బడి భోజనం: ఫారానికి ఫుల్ మార్కులు, ట్రేకి అత్తెసరు

మా అమ్మాయి 2021లో టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌లో చేరింది. ఇప్పుడు మిన్నెసోటాలో ఉంటున్నాం, దాని తమ్ముడు కూడా అదే బడికి వెళ్తున్నాడు. ఈలోగా బడి భోజనం మాకు నాలుగు విధాలుగా అందింది. కోవిడ్ మినహాయింపుల పుణ్యమా అని మొదట్లో అందరితోపాటు ఉచితంగా, 2022 జూన్‌తో అవి ముగిశాక పూర్తి ధరకి, మా ఆయన ఉద్యోగం పోయినప్పుడు తగ్గింపు ధరకి, ఇక్కడికొచ్చాక మళ్ళీ ఉచితంగా. ప్రతి ఆగస్టులోనూ కొత్తగా పిల్లల్ని బడిలో వేసేవాళ్ళు "బాక్సు కట్టాలా, అక్కడ తిననివ్వచ్చా" అని అడుగుతుంటారు. వాళ్ళకి ఫోన్లో చెప్పీ చెప్పీ చివరికి ఇలా రాస్తున్నాను. ఒక మాట ముందే చెప్పాలి. మా పిల్లలు గుడ్డు తింటారు, మాంసం తినరు. అన్నీ తినే ఇళ్ళకి ఇందులో సగం గొడవే ఉండదు.

నన్నడిగితే, డబ్బు విషయంలో, కాగితాల విషయంలో ఈ ఏర్పాటుకి వంక పెట్టడానికి పెద్దగా లేదు. ట్రేలో పెట్టే తిండికి మాత్రం అత్తెసరు మార్కులే. అయినా వాడుకోమనే చెప్తాను.

ముందు ఫారం సంగతి, అంటే ఉచితంగానో తగ్గింపు ధరకో భోజనం కావాలని ఆదాయం చూపి పెట్టే దరఖాస్తు. మనవాళ్ళు భయపడేదీ, మొహమాటపడేదీ దీని దగ్గరే.

మధ్యాహ్న భోజనానికి 1946లో ట్రూమన్ సంతకం చేసిన చట్టం ఆధారం. పొద్దుటి టిఫిన్ 1966లో ప్రయోగంగా మొదలైంది, 1975 నుంచి శాశ్వతమైంది. రెండిటికీ డబ్బు వచ్చే దారి ఒకటే. పిల్లలు తీసుకున్న ప్రతి భోజనానికీ కేంద్ర ప్రభుత్వం బడి జిల్లాకి (ఒక ప్రాంతంలోని బళ్ళని నడిపే సంస్థకి) ఇంత అని కడుతుంది. ఉచితంగా తినే పిల్లల లంచ్‌కి నాలుగు డాలర్ల పైచిలుకు, పూర్తి ధర కట్టే పిల్లల లంచ్‌కి కొద్ది సెంట్లు. అంటే మన పిల్ల తింటే ఇంకెవరి పిల్లకో తగ్గిపోతుందన్న మాటే లేదు. "మనకంటే లేనివాళ్ళు తినాల్సింది మనం తినడం ఏమిటి" అనే మంచి మనసు ఇక్కడ ఎవరికీ ఉపయోగపడదు. తినేవాళ్ళు తగ్గితే ఆ వంటగదికి వచ్చే డబ్బే తగ్గుతుంది.

మా ఆయనకి లేఆఫ్ అయింది 2023లో. కంపెనీ తీసేస్తూ ఇచ్చిన సెవరెన్స్ డబ్బు అయిపోయాక నా పార్ట్‌టైమ్ జీతం మీదే ఇల్లు నడిచింది. ఫారం నింపుదామంటే ఆయన ససేమిరా అన్నారు. మా గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485 పెండింగ్‌లో ఉంది, ప్రభుత్వ సాయం తీసుకున్నట్టు ఎక్కడైనా పడితే గ్రీన్‌కార్డుకి అడ్డమని ఆయన బెంగ. అప్పుడు అమల్లో ఉన్న పబ్లిక్ చార్జ్ నిబంధనలు (ప్రభుత్వ సాయం మీద ఆధారపడే మనిషా అని గ్రీన్‌కార్డు ఇచ్చేముందు చూసేవి) నేనే తెరిచి చదివాను. ప్రధానంగా చూసేది నెలనెలా చేతికిచ్చే నగదు సాయం, ప్రభుత్వ ఖర్చుతో సంస్థల్లో దీర్ఘకాలం ఉంచి చేసే సంరక్షణ. బడి భోజనం ఆ లెక్కలో లేదు. (ఇలాంటి నిబంధనలు మారుతుంటాయి, మీరు పెట్టే రోజున ఏది అమల్లో ఉందో చూసుకోండి.) పైగా ఆ ఫారంలో వీసా గురించి ఒక్క ప్రశ్న కూడా ఉండదు. సంతకం పెట్టే పెద్దవాళ్ళ సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు అడుగుతారు. నంబరు లేనివాళ్ళు లేదని టిక్ పెడితే చాలు.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఈ ఫారం ఆగస్టులోనే వేయాలని రూలు లేదు. ఏడాది మధ్యలో ఆదాయం పడిపోతే ఆ రోజే వేయొచ్చు. నిరుటి టాక్స్ రిటర్న్ చూడరు, ఇప్పుడు ఇంట్లోకి ఎంత వస్తోందన్నదే చూస్తారు. దారిద్ర్యరేఖకి 130 శాతం లోపైతే ఉచితం, 185 శాతం లోపైతే తగ్గింపు ధర. 2023-24లో నలుగురున్న ఇంటికి ఆ గీతలు ఏడాదికి 39,000, 55,500 డాలర్లు. మేం రెండో గీత కింద పడ్డాం. తగ్గింపు ధర అంటే లంచ్‌కి 40 సెంట్లు, టిఫిన్‌కి 30 సెంట్లు, అంతకుమించి తీసుకోవడానికి వీల్లేదు. అప్పటిదాకా లంచ్‌కి మూడు డాలర్ల దాకా కడుతున్నాం. ఇద్దరు పిల్లలకి నెలంతా లెక్కేసుకోండి.

ఒకసారి మంజూరైతే, తర్వాత ఉద్యోగం వచ్చినా ఆ విద్యా సంవత్సరమంతా ఉంటుంది. కొత్త ఏడాదిలో కూడా మొదటి 30 పనిదినాల దాకా పాతదే చెల్లుతుంది, ఈలోగా కొత్త ఫారం వేసుకోవాలి. ఇంటికి ఒకటే ఫారం, పిల్లకొకటి అక్కర్లేదు. శరదృతువులో కొన్ని దరఖాస్తులు తీసి సరిచూడడానికి పే స్టబ్బులు (జీతం చీటీలు) అడుగుతారు. ఆ ఉత్తరం వస్తే మాత్రం పక్కన పడేయకండి, జవాబివ్వకపోతే మంజూరైంది రద్దయిపోతుంది.

మరి పిల్లకి నలుగురిలో చిన్నతనం అంటారా? లైను చివర అందరూ నంబర్ ప్యాడ్ మీద పిన్ కొడతారు. ఉచితమైనా, నలభై సెంట్లయినా, పూర్తి ధరైనా అదే పిన్, అదే ట్రే. ఎవరిది ఏ రకమో పక్కవాళ్ళకి తెలిసేలా చేయడం నిషేధం. మా అమ్మాయికి తన ఖాతా మారిందన్న సంగతే తెలియదు.

సరే, ట్రే దగ్గరికి వద్దాం.

లంచ్‌లో ఐదు భాగాలుంటాయి: ధాన్యం, మాంసం లేదా దానికి బదులుగా ఇంకేదైనా ప్రోటీన్, కూరగాయ, పండు, పాలు. చాలా బళ్ళలో ఐదూ ఎదురుగా పెట్టి, కనీసం మూడు తీసుకోమంటారు. ఆ మూడిట్లో అరకప్పు పండో కూరగాయో ఉండి తీరాలి. అది లేకపోతే ప్రభుత్వం దృష్టిలో అది భోజనమే కాదు, బడికి డబ్బు రాదు. అందుకే ఆరేళ్ళ పిల్ల చీజ్ పిజ్జా, పాలు తీసుకుని క్యాషియర్ దాకా వెళ్తే ఆవిడ నవ్వుతూ పండ్ల బుట్ట వైపు చూపిస్తుంది. పిల్ల వెనక్కొచ్చి చేతికందింది ట్రేలో వేసుకుంటుంది. అది తింటుందా లేదా అన్నది ఎవరూ చూడరు. టెక్సాస్‌లో శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి బ్యాగు దులిపితే అడుగున బేబీ క్యారెట్ల ప్యాకెట్టు, ఎండు క్రాన్‌బెర్రీలు, నలిగి నీరు కారుతున్న ఆపిల్ ముక్కల సంచీ ఉండేవి. ఇక్కడి బడిలో షేర్ టేబుల్ ఉంది. విప్పని ప్యాకెట్లు, పాల డబ్బాలు పిల్లలు అక్కడ పెట్టేస్తే ఆకలున్నవాళ్ళు తీసుకుంటారు. మీ బడిలో ఉందో లేదో అడగండి, బ్యాగులూ శుభ్రంగా ఉంటాయి.

శాకాహారం మాట. చీజ్, పెరుగు, గుడ్డు, చిక్కుళ్ళు, వేరుశనగ వెన్న, ఇవన్నీ మాంసానికి బదులుగా చెల్లుతాయి కాబట్టి ఏదో ఒకటి దొరకడం కష్టం కాదు. దొరికేదల్లా చీజే కావడం కష్టం. సోమవారం గ్రిల్డ్ చీజ్, మంగళవారం చీజ్ కెసడియా, బుధవారం చీజ్ పిజ్జా, గురువారం మోజరెల్లా స్టిక్స్. బీన్ బరిటో (చిక్కుళ్ళు చుట్టిన రొట్టె) ఉన్న రోజు మా ఇంట్లో పండగ. మెనూలో ఆకు గుర్తుంటే మాంసం లేదనే అర్థం, గుడ్డు లేదని కాదు. జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్ సంగతి ఆ గుర్తు చూసి తేల్చుకోలేం, కొన్ని రకాల పెరుగు కప్పుల్లో అది ఉంటుంది. ఇవి పట్టింపున్నవాళ్ళు క్లాస్ టీచర్ని అడిగి లాభం లేదు, ఆవిడకి తెలియదు. జిల్లా న్యూట్రిషన్ ఆఫీసుకి ఈమెయిల్ పెడితే పదార్థాల జాబితా పంపుతారు. నాకు రెండు రాష్ట్రాల్లోనూ మర్యాదగానే జవాబిచ్చారు.

వాళ్ళ బాధ్యత ఎక్కడిదాకో కూడా తెలుసుకుంటే మంచిది. ఆహారం పడని ఆరోగ్య సమస్య ఉండి, డాక్టరు సంతకంతో కాగితం ఇస్తే, అదనంగా పైసా తీసుకోకుండా వేరే తిండి ఏర్పాటు చేసి తీరాలి. మన ఆచారం కోసమో ఇష్టం కోసమో అయితే చేయొచ్చు, చేయాలని నిర్బంధం లేదు. కాబట్టి నట్ అలర్జీ ఉన్నవాళ్ళు నోటిమాటగా చెప్పి ఊరుకోకండి, కాగితం ఇవ్వండి. మా చిన్నాడికి పాలు అరగవు. లాక్టోజ్ లేని పాలు మామూలు పాలకిందే లెక్క, బడి తెప్పిస్తే చాలు. సోయా పాలకైతే ఏం చేయాలో బడినే అడిగి తెలుసుకోవాలి.

పొద్దుటి టిఫిన్ గురించి నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ నిజమే. బస్సు ఏడున్నరకి వచ్చే ఇంట్లో, జనవరి చలిలో, నిద్రమత్తులో ఉన్న పిల్లాడి నోట్లో ఇడ్లీ కుక్కడం ఎంత నరకమో తల్లులకి చెప్పక్కర్లేదు. బడిలో దిగగానే సంచీ తీసుకుని క్లాసులో కూర్చుని తినే పద్ధతి మాకు దేవుడిచ్చిన వరమే. కానీ ఆ సంచీలో ఏముంటుందో చూడండి. ప్లాస్టిక్ కవరులోనే వేడిచేసిన బుల్లి పాన్‌కేకులు, లేదా దాల్చినచెక్క రోల్, లేదా సీరియల్, పక్కన జ్యూసు. తీపి మీద తీపి. నూరు శాతం పండ్ల రసమైతే పండు కింద లెక్కేస్తారు, వారం మొత్తం పండ్లలో సగం దాకా అది చెల్లుతుంది. 2025 జూలై నుంచి అదనపు చక్కెరకి హద్దులు పెట్టారు: సీరియల్‌లో ఔన్సుకి 6 గ్రాములు, ఎనిమిది ఔన్సుల చాక్లెట్ పాలలో 10 గ్రాములు మించకూడదు. మా పిల్లలు చాక్లెట్ పాలు మునుపటంత బాగాలేవని గోలపెట్టడం అప్పటినుంచే. నాకు ఆ గోల సంతోషంగానే ఉంది. ఇద్దరికీ ఒక గుడ్డో నాలుగు బాదం పప్పులో ఇంట్లోనే పెట్టి, మిగతాది బడికి వదిలేశాను.

మా అమ్మ ఆరు నెలలుండి వెళ్ళింది. "మన బళ్ళో పెట్టే అన్నం లాంటిదేనా" అని అడిగింది. కాదమ్మా అన్నాను. అక్కడ వండి వడ్డిస్తారు, ఇక్కడ మా బళ్ళో ఎక్కువ భాగం ఫ్రీజర్ నుంచి వచ్చినది వేడిచేస్తారు. అది ఆ వంటగదిలో పనిచేసేవాళ్ళ తప్పు కాదు, వందలమందికి ఇరవై ఐదు నిమిషాల్లో పెట్టాలి. ఆ ఇరవై ఐదులో లైనుకి పోగా పిల్ల కూర్చుని తినేది పదిహేను నిమిషాలు. ట్రే ఖాళీ కాకపోవడానికి రుచి కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం. కొత్తగా వెళ్ళే పిల్లలకి ఇంట్లోనే పాల డబ్బా విప్పడం, ప్లాస్టిక్ కవరు చింపడం నేర్పండి. చెయ్యెత్తి సాయం అడిగి, వాళ్ళొచ్చేదాకా ఆగేసరికి సగం టైము పోతుంది.

పూర్తి ధర కట్టిన రోజుల్లో నాకు చిరాకు తెప్పించింది ఆన్‌లైన్ ఖాతా. డబ్బు వేసిన ప్రతిసారీ సర్వీసు ఫీజు. బడికి చెక్కు పంపితే ఫీజు ఉండదు, ఫీజు లేని దారి ఒకటి ఉంచాలన్నది రూలే, కానీ వెబ్‌సైటులో అది ఎక్కడో అడుగున ఉంటుంది. ఇంకో చిల్లు, భోజనం కాకుండా విడిగా అమ్మే చిప్స్, కుకీలు, ఐస్‌క్రీం. నెల మధ్యలో ఖాతా మైనస్‌లోకి వెళ్ళిందని ఈమెయిల్ వస్తే విప్పి చూశాను, రోజూ ఐస్‌క్రీమే. విడి కొనుగోళ్ళు ఆపమని ఆఫీసుకి రాస్తే ఆపేస్తారు.

మిన్నెసోటాలో ఈ బాధ చాలావరకు పోయింది. 2023-24 నుంచి ఇక్కడ ఆదాయంతో పని లేకుండా రోజుకి ఒక టిఫిన్, ఒక లంచ్ ఉచితం. కాలిఫోర్నియా, మెయిన్ అంతకు ఏడాది ముందే మొదలుపెట్టాయి. మిగతా రాష్ట్రాల్లో కూడా పేద కుటుంబాలు ఎక్కువున్న బళ్ళలో ఫారం అడక్కుండానే అందరికీ ఉచితంగా పెట్టే వీలుంది, కాబట్టి ముందు మీ బడి అందులో ఉందేమో కనుక్కోండి. ఉచితమైనా ఒక తిరకాసుంది. ఇంటి బాక్సు తీసుకెళ్ళి పాలు ఒక్కటే తీసుకుంటే డబ్బు పడుతుంది, ఎందుకంటే పాలొక్కటే భోజనం కాదు. రెండోసారి పెట్టించుకున్నా అంతే. మా అమ్మాయి పెరుగన్నం రోజున పాలతోపాటు ఒక పండూ, కాస్త కూరగాయలూ తీసుకుంటుంది. మూడు భాగాలయ్యాయి కాబట్టి అది ఉచిత భోజనమే. ఈ ఉపాయం దానికి నేను చెప్పలేదు, క్యాషియరే చెప్పిందట.

అంతా ఉచితమే కదా అని ఇక్కడ ఫారం మానేసేవాళ్ళు చాలామంది. అలా చేయకండి. బడికి రాష్ట్రమిచ్చే అదనపు నిధుల్లో కొన్ని ఆ లెక్కల మీదే ఆధారపడతాయి. వేసవికి కూడా అది పనికొస్తుంది: 2024 నుంచి పాల్గొనే రాష్ట్రాల్లో అర్హులైన ఒక్కో పిల్లకి వేసవికి 120 డాలర్లు కిరాణా కార్డు మీద వేస్తున్నారు. ఆ మొదటి వేసవిలో మిన్నెసోటా చేరింది, టెక్సాస్ చేరలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నెల మెనూ ఫ్రిజ్ మీద ఉంటుంది. పిల్లలే పెన్నుతో గుర్తు పెట్టుకుంటారు. వారానికి మూడు రోజులు ట్రే, రెండు రోజులు బాక్సు, బీన్ బరిటో ఏ రోజు పడితే ఆ రోజు బాక్సు రద్దు.